జర్మనీ పాత జిల్లాల లెక్క తేల్చే జీఓవీ సైట్: సాలూరు ఉత్తరాల పని మీద వాడి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, నా రేటింగ్ 5కి నాలుగున్నర. పాత జర్మన్ ఉత్తరాలో, పోస్టుకార్డులో, చర్చి రికార్డులో మీ చేతిలో ఉండి, అందులో ఊరి పేరు పక్కన ఏదో జిల్లా పేరు కనిపించి, ఆ జిల్లా ఇవాళ్టి మ్యాప్‌లో ఎంత వెతికినా దొరక్క తల పట్టుకుంటున్నారా, అయితే ఈ సైట్ మీ కోసమే. పేరు జీఓవీ. వంశ చరిత్రలు వెతుక్కునేవాళ్ళ కోసం పెట్టిన ఊళ్ళ పట్టిక అనుకోండి. జర్మనీలో ఫెరైన్ ఫ్యూర్ కంప్యూటర్‌గెనెయలోగీ అని ఒక సంఘం ఉంది, వాళ్ళు నడుపుతారు. పైసా ఖర్చు లేదు, ఊరికే చూసుకోవడానికైతే లాగిన్ కూడా అక్కర్లేదు.

వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలో కూర్చుని నీకు జర్మనీ జిల్లాలతో ఏం పని అని ఇంట్లోవాళ్ళే అడిగారు. పని ఉంది. మా సొంతూరు సాలూరు. సాలూరు, పార్వతీపురం, అవతల ఒడిశాలో కొరాపుట్, జైపూర్ వైపు తిరిగినవాళ్ళకి అక్కడి లూథరన్ చర్చిలు తెలిసే ఉంటాయి. అవి ఇంగ్లీషువాళ్ళు పెట్టినవి కావు, జర్మన్లవి. ఉత్తర జర్మనీలో సముద్రానికి దగ్గర్లో బ్రెక్లుం అని ఒక పల్లెటూరు ఉంది, అక్కడ పాస్టర్ క్రిస్టియన్ యెన్సెన్ 1876లో ఒక మిషన్ సంఘం పెట్టారు. ఆ సంఘం తరఫున ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరు 1882లో జైపూర్ సంస్థానం వైపు వచ్చారు, అలా మొదలై సాలూరు, కొరాపుట్, పార్వతీపురం అన్నీ వాళ్ళ స్టేషన్లు అయ్యాయి. ఇప్పుడున్న జైపూర్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ 1928లో ఏర్పడింది కూడా ఆ పని లోంచే. మా తాతగారు ఆ మిషన్ స్కూల్లో చదివారు, తర్వాత అక్కడే పనిచేసారు, అందుకే మా ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా జర్మనీ నుంచి వచ్చిన కవర్లు, కార్డులు మిగిలాయి. వాటికి ఒక పద్ధతిగా లిస్టు రాయాలని కూర్చున్నా, అక్కడ మొదలైంది అసలు కథ.

1911 నాటి ఒక కవరు గురించి చెప్తా. గోధుమరంగు కాయితం, అంచులు పొడైపోతున్నాయి, ముట్టుకుంటే రాలుతుంది. ముందు వైపు సాలూరు, వైజాగపటం డిస్ట్రిక్ట్, మద్రాస్ ప్రెసిడెన్సీ అని సన్నటి నిబ్బుతో రాసుంది. వెనక వైపు పంపినవాళ్ళ అడ్రస్: బ్రెక్లుం, దాని పక్కన క్రైస్ హూసుం. క్రైస్ అంటే వాళ్ళకి జిల్లా లాంటిది. సరే, హూసుం జిల్లా ఎక్కడుంది చూద్దామని మ్యాప్ తెరిస్తే హూసుం అనే టౌను ఉంది గానీ ఆ పేరుతో జిల్లా లేదు, బ్రెక్లుం ఏమో నోర్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే జిల్లాలో చూపిస్తోంది. ఒక డబ్బులు కట్టే పెద్ద సైట్ కూడా తీసుకున్నా, పేరు ఎందుకులెండి, అది 1900 నాటి ఊరిక్కూడా ఇవాళ్టి జిల్లా పేరే అంటించేస్తుంది. అలా అంటిస్తే నా లిస్టులో సగం తప్పే కదా. 1911లో నోర్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే జిల్లానే లేనప్పుడు అక్కడి నుంచి ఉత్తరం వచ్చిందని ఎలా రాస్తాను?

జీఓవీలో ఇదే తేడా. అందులో ఊరు ఒకటే, కానీ ఆ ఊరికి సంబంధించిన ప్రతి సంగతికీ ఎప్పటినుంచి, ఎప్పటివరకు అని పక్కన రాసుంటుంది. పేజీ చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, రంగులూ బొమ్మలూ ఏమీ ఆశించకండి. పైన ఊరి పేరు, పాత పేర్లు ఉంటే అవి ఏ కాలంలో వాడారో, అది పల్లెటూరా పట్నమా ఎస్టేటా చర్చి పారిషా అన్నది, అక్షాంశం రేఖాంశం, పోస్టల్ కోడ్, దొరికితే ఫలానా సంవత్సరంలో జనాభా ఇంత అని. వాటి కింద అసలు సరుకు ఉంటుంది, ఈ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు దేని కింద ఉందీ అని. దాని మీద నొక్కితే జిల్లా పేజీకి వెళ్తారు, ఆ జిల్లా దేని కింద ఉందో నొక్కితే ప్రావిన్సు, ఆ పైన రాజ్యం, అలా మెట్లెక్కుతూ పోవచ్చు. పాలన లైను వేరు, చర్చి లైను వేరు, కోర్టు లైను వేరు. నాలాంటి వాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే బాప్తిస్మం రికార్డు కావాలంటే చర్చి లైను పట్టుకుని వెళ్ళాలి, భూమి కాయితం కావాలంటే పాలన లైను పట్టుకోవాలి, రెండూ ఒకే ఊరికి ఒకే చోటకి తీసుకెళ్తాయని గ్యారంటీ లేదు.

హూసుం జిల్లా కథ నేను ఈ మెట్ల మీద ఎక్కీ దిగీ, మిగతాది బయట చదివీ తెలుసుకున్నాను, కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే సైట్ విలువ ఈ కథ తెలిస్తేనే అర్థమవుతుంది.

1864కి ముందు ఆ ప్రాంతం జర్మనీలో లేదు. ష్లెస్విగ్ అని ఒక డచీ, అంటే డ్యూక్ ఏలే సంస్థానం, దానికి డ్యూక్ ఎవరంటే డెన్మార్క్ రాజే. బ్రెక్లుం అప్పుడు బ్రెడ్‌స్టెట్ కచేరీ కింద, పక్కనే హూసుం కచేరీ వేరే. 1864లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం, ఆస్ట్రియా రెండూ కలిసి డెన్మార్క్‌తో యుద్ధం చేసి గెలిచాయి, అక్టోబర్ 30న వియన్నాలో సంధి, ష్లెస్విగ్, హోల్‌స్టైన్, లవెన్‌బుర్గ్ డెన్మార్క్ చేతిలోంచి పోయాయి. 1865లో గాస్టైన్ ఒప్పందం ప్రకారం ష్లెస్విగ్ పాలన ప్రష్యాకి, హోల్‌స్టైన్ పాలన ఆస్ట్రియాకి అని పంచుకున్నారు. మరుసటి ఏడే ఇద్దరూ కొట్టుకున్నారు, ఆస్ట్రియా ఓడింది, 1867 జనవరిలో ఆ రెండింటినీ ప్రష్యా కలిపేసుకుని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రావిన్సు చేసింది. అదే ఏడు సెప్టెంబర్ 22 నాటి ఉత్తర్వుతో పాత కచేరీలన్నీ తీసేసి తమ పద్ధతిలో క్రైస్‌లు పెట్టారు. హూసుం కచేరీ, బ్రెడ్‌స్టెట్ కచేరీ కలిసి క్రైస్ హూసుం అయింది. పైన ఒక లాండ్‌రాట్, మన కలెక్టర్ లాంటి పదవి. అంటే మా కవరు మీద ఉన్న జిల్లా పుట్టింది 1867లో, బ్రెక్లుంలో మిషన్ పెట్టింది 1876లో. మిషన్ కంటే జిల్లా తొమ్మిదేళ్ళే పెద్దది. నాకు ఇది తెలిసినప్పుడు నిజంగా ఆశ్చర్యం వేసింది, కవరు మీద ఆ పేరు చూస్తే ఏదో వందల ఏళ్ళ నాటి జిల్లా అనిపిస్తుంది మరి.

ఈ మార్పు మనుషుల మీద ఎలా పడిందో చెప్పడానికి ఒకాయన చాలు. థియోడోర్ స్టోర్మ్ అని జర్మన్లకి బాగా ఇష్టమైన రచయిత, పుట్టింది హూసుంలోనే, 1817లో. వృత్తికి లాయరు. డెన్మార్క్ ప్రభుత్వం ఆయన ప్రాక్టీసు రద్దు చేస్తే 1853లో ఊరు విడిచి ప్రష్యాలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. 1864లో డెన్మార్క్ వాళ్ళు వెళ్ళగానే హూసుం జనం ఆయన్ని లాండ్‌ఫోగ్ట్‌గా వెనక్కి పిలిపించుకున్నారు. ఆ పదవిలో పోలీసు అధికారం, తీర్పు చెప్పే అధికారం రెండూ ఒకరి చేతిలోనే ఉండేవి. మూడేళ్ళు తిరక్కుండా ప్రష్యా కొత్త జిల్లాలు పెట్టి పాలన వేరు, కోర్టు వేరు అనేసరికి ఆ పదవే పోయింది, ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆయన జడ్జి పని తీసుకున్నాడు. ఊరు అదే, మనిషి అతనే, గెజిట్‌లో ఒక్క ఉత్తర్వుతో ఉద్యోగం మారిపోయింది.

ఇది చదువుతుంటే మన ఏజెన్సీ గుర్తొచ్చింది. 1839 చట్టం తర్వాత వైజాగపటం, గంజాం కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు పక్కన పెట్టి కలెక్టర్‌నే గవర్నర్ ఏజెంట్ చేసి, సివిలూ క్రిమినలూ ఆయన చేతికే ఇచ్చారు. హూసుంలో విడదీసిన పనులే ఇక్కడ కలిపి ఉంచారు. బ్రెక్లుం నుంచి వచ్చిన పాదరీలకి సొంత ఊళ్ళో లాండ్‌రాట్ వేరు, జడ్జి వేరు, ఇక్కడ కొండ మీదకి వస్తే రెండూ ఒక్కరే. వాళ్ళు రాసిన రిపోర్టులు అర్థం చేసుకోవాలంటే రెండు వైపులా పాలన ఎలా ఉండేదో తెలియాలి.

సైట్ సంగతికి వస్తే, వాడేటప్పుడు ఒక జాగ్రత్త. హూసుం అని కొడితే ఒక్క హూసుం రాదు. లోయర్ సాక్సనీలో నీన్‌బుర్గ్ దగ్గర ఇంకో హూసుం ఉంది, దానికీ మన బ్రెక్లుంకీ ఏ సంబంధం లేదు. అందుకే రిజల్ట్స్‌లో పేరు పక్కన ఏ జిల్లా, ఏ రకం అని ఉన్న ముక్క చదివి మరీ నొక్కండి. ఇంకోటి, హూసుం టౌను వేరే ఎంట్రీ, హూసుం జిల్లా వేరే ఎంట్రీ. చరిత్ర కావాలంటే జిల్లా ఎంట్రీకి వెళ్ళాలి.

నాకు ఈ సైట్ బాగా నచ్చింది కొద్దికాలం బతికిన ఏర్పాట్ల దగ్గర. హూసుంకి పక్కనే ఐడర్‌స్టెట్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన ప్రాంతం, దానికి వేరే జిల్లా ఉండేది, హెడ్‌క్వార్టర్ ట్యోనింగ్. 1932లో ఖర్చు తగ్గించుకోవాలని ప్రష్యా బోల్డన్ని జిల్లాలు కలిపేసినప్పుడు ఈ రెండూ కలిసి హూసుం-ఐడర్‌స్టెట్ అయ్యాయి. 1933లో మళ్ళీ విడగొట్టేసారు. అంతే, ఏడాది. మామూలు పుస్తకాల్లో ఈ ఏడాది సంగతి ఎవరూ పట్టించుకోరు, ఏం పెద్ద విషయం అని వదిలేస్తారు. కానీ పాత కాయితాలు చూసేవాళ్ళకి ఇంతకంటే విలువైనది లేదు. తేదీ చెరిగిపోయిన కాయితం మీద ఆ జంట పేరు గానీ కనపడిందంటే అది ఆ ఏడాది దరిదాపుల్లోదే అని దాదాపు గట్టిగా చెప్పొచ్చు. ఎక్కువ కాలం నడిచిన పేరు తేదీ చెప్పలేదు, తక్కువ కాలం నడిచిన పేరే చెప్తుంది. అందుకే నేను ఏ ఊళ్ళ డేటాబేస్ చూసినా ముందు ఇలాంటి చిన్న ముక్కలు ఉన్నాయా లేవా అని చూస్తా, దాన్ని బట్టే నమ్మకం.

ఉత్తరం పక్క టోండెర్న్ జిల్లా కథ ఇంకోలా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ష్లెస్విగ్‌లో మీరు డెన్మార్క్‌లో ఉంటారా జర్మనీలో ఉంటారా అని జనాన్నే ఓటు వెయ్యమన్నారు, 1920 ఫిబ్రవరి 10న ఉత్తర జోన్, మార్చి 14న దాని కింద జోన్. ఉత్తరం వాళ్ళు డెన్మార్క్ అన్నారు, కింద వాళ్ళు జర్మనీ అన్నారు. దాంతో టోండెర్న్ జిల్లా మధ్యకి సరిహద్దు వచ్చింది, టోండెర్న్ టౌను డెన్మార్క్‌కి పోయింది, మిగిలిన దక్షిణ ముక్కకి జూట్‌టోండెర్న్ అని పేరు పెట్టి నీబ్యుల్‌ని హెడ్‌క్వార్టర్ చేసారు. జిల్లాకి పేరిచ్చిన టౌనే జిల్లాలో లేదు. మా పెట్టెలో ఒక కార్డు మీద టోండెర్న్ అని ఉంది, తపాలా ముద్ర సగం చెరిగింది. ఊరు మాత్రం ఇప్పటి జర్మనీలోదే. అంటే ఆ కార్డు 1920కి ముందుదై ఉండాలి, లేదా పాత అలవాటు కొద్దీ రాసుండాలి. స్టాంపు చూసాక ముందుదే అని తేలింది. ఇలా ఒకదానికొకటి జతపెట్టి చూడ్డంలో ఉండే తృప్తి వేరు.

పాత అలవాటు అన్నాను కదా, అది మన వైపు అడ్రసుల్లోనూ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు జైపూర్, కొరాపుట్ అంతా వైజాగపటం జిల్లాలోంచి తీసి అటు కలిపారు. మా పెట్టెలో ఆ తర్వాత వచ్చిన కవరు మీద కూడా కొరాపుట్, వైజాగపటం డిస్ట్రిక్ట్ అనే ఉంది. అయినా చేరింది, పోస్టల్ వాళ్ళకి దండం పెట్టాలి.

తర్వాత హూసుం జిల్లా చాన్నాళ్ళు పెద్ద గొడవ లేకుండా నడిచింది. రెండో యుద్ధం తర్వాత ప్రష్యానే పోయింది, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ 1946లో ప్రావిన్సు నుంచి రాష్ట్రం అయింది, జిల్లా మాత్రం అలాగే ఉంది. చివరికి 1970 ఏప్రిల్ 26న హూసుం, ఐడర్‌స్టెట్, జూట్‌టోండెర్న్ మూడూ కలిపి నోర్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే ఒకే జిల్లా చేసారు, హెడ్‌క్వార్టర్ హూసుమే. కార్ల నంబర్ ప్లేట్ల మీద హెచ్‌యూఎస్ పోయి ఎన్ఎఫ్ వచ్చింది. మనకి ఏపీ 31 అంటే వైజాగ్ బండి, ఏపీ 35 అంటే విజయనగరం బండి అని రోడ్డు మీదే గుర్తుపట్టేవాళ్ళం కదా, 2019 నుంచి అందరికీ ఏపీ 39 ఇచ్చాక ఆ ముచ్చట పోయింది, వాళ్ళకీ ఆ బాధ ఉండే ఉంటుంది.

ఇదే పనికి వాడే ఇంకో ఫ్రీ సైట్ కూడా ఉంది, మేయర్స్ గెజిటీర్. జర్మన్ సామ్రాజ్యంలోని ఊళ్ళన్నీ అక్షరక్రమంలో అచ్చేసిన 1912 నాటి పెద్ద పట్టికని ఆన్‌లైన్‌లో పెట్టారు, పైన ఆ కాలపు మ్యాపులు కూడా ఉంటాయి. అది చాలా బాగుంటుంది, ఊరికి పోస్టాఫీసు ఉందా, రైలు స్టేషన్ ఎక్కడ, కోర్టు ఏది, జనన మరణాలు రాసే ఆఫీసు ఏది అన్నీ కురచ కురచ అక్షరాల్లో ఇచ్చేసారు. నా 1911 కవరుకైతే అదే చాలు. కానీ అది 1912 దగ్గర ఆగిపోయింది, 1932 అడగండి, చెప్పదు, 1920 అడగండి, చెప్పదు. అందుకే నేను రెండు ట్యాబులూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంటా, మేయర్స్‌లో ఆ రోజుల్లో ఊరు ఎలా ఉందో చూసి, జీఓవీలో ముందూ వెనకా చూస్తా.

ఇంక అర స్టారు ఎందుకు కోసాను అంటారా. జీఓవీలో డేటా అంతా వాలంటీర్లు ఓపిగ్గా ఎక్కించినదే, కాబట్టి అన్ని ఊళ్ళకీ ఒకే లోతు ఉండదు. ఒక ఊరికి మధ్యయుగం నుంచి ఉంటుంది, పక్క ఊరికి 1867 తర్వాతే ఉంటుంది. కొన్నిచోట్ల ఏ ఆధారంతో రాసారో ఇస్తారు, కొన్నిచోట్ల ఉండదు, అందుకని ముఖ్యమైన తేదీ అయితే ఇంకోచోట సరిచూసుకోవాలి. జర్మన్ అస్సలు రాకపోతే మొదట కొంచెం బెరుగ్గా ఉంటుంది. క్రైస్, లాండ్‌రాట్ లాంటి పది పదిహేను పదాలు ఒక కాయితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత చేయి అదే తిరుగుతుంది. నేనైతే ఫోన్ కంటే కంప్యూటర్‌లోనే చూస్తా, జిల్లాల మెట్లన్నీ బొమ్మ గీసినట్టు చూపించే చార్టు పెద్ద స్క్రీన్ మీద చూస్తే తప్ప దాని అందం తెలీదు. ఇంట్లో కరెంటు పోయిన సాయంత్రాలు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని కూడా కొంత పని చేసుకున్నా.

ఇంకో మాట, ఈ సైట్ ఉత్తరాలని చూపించదు, రికార్డులు చూపించదు. ఎక్కడ వెతకాలో చెప్తుంది, అంతే. జిల్లా పోతే దాని కాయితాలు పోవు, కొత్త జిల్లా వాళ్ళకో రాష్ట్ర ఆర్కైవ్స్‌కో చేరతాయి. హూసుం జిల్లా కాయితాల కోసం నోర్ట్‌ఫ్రీస్‌లాండ్ జిల్లా ఆర్కైవ్, ష్లెస్విగ్‌లో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్ చూడాలి, వాటి కేటలాగ్ ఆర్కిన్‌సిస్ అనే పోర్టల్‌లో వెతుక్కోవచ్చు. పాలన చరిత్ర తెలిస్తేనే ఆ తలుపు ఏదో తెలిసేది.

మా పెదనాన్న సాలూరులోనే ఉంటారు, రిటైర్డ్ మాస్టారు. ఈ చార్టు ప్రింట్ తీసి పట్టుకెళ్ళి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసి, "ఏటమ్మా, వాళ్ళ ఊరి లెక్క తేల్చీసేవు సరే, మన సాలూరుది ఎవులు రాస్తారు? నాను పుట్టింది విశాపట్నం జిల్లా, చదివింది సీకాకుళం జిల్లా, రిటైరయింది ఇజీనారం జిల్లా, ఇప్పుడు పింఛను తీస్కుంటన్నది మన్యం జిల్లా. ఇల్లు చూస్తే ఇదే ఇల్లు" అన్నారు. నిజమే. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా. మధ్యలో తాలూకాలు, ఫిర్కాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి, మద్రాసు నుంచి ఆంధ్ర, ఆంధ్ర నుంచి ఆంధ్రప్రదేశ్ అయ్యాం. ఆయన రేషన్ కార్డులూ పెన్షన్ కాయితాలూ పరిచి పెడితే అదే ఒక జీఓవీ పేజీ. కానీ ఆ పేజీ ఎక్కడా ఆన్‌లైన్‌లో లేదు, నేను వెతికినంతలో మన ఊళ్ళకి తేదీలతో సహా ఇలా పేర్చి పెట్టింది నాకు కనపడలేదు.

ఇది చిన్న విషయం కాదండి. పాస్‌పోర్టుకో, కులం సర్టిఫికెట్‌కో, తాతల నాటి భూమి కాయితానికో పుట్టిన జిల్లా అడుగుతారు, కాయితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటుంది, కౌంటర్ దగ్గర నిలబడి రెండూ ఒకటే ఊరండీ అని మనమే సర్దిచెప్పుకోవాలి. అదే ఊరు ఈ తేదీ వరకు ఈ జిల్లా అని ఒక చోట రాసి ఉంటే, దాన్ని ప్రింట్ తీసి ముందు పెడితే, ముసలివాళ్ళకి ఎంత తిరుగుడు తప్పుతుంది! వాళ్ళ దగ్గర ఒక సంఘం, కొంతమంది వాలంటీర్లు చేసారు, గవర్నమెంటు కాదు. మనకీ గెజిట్లు ఉన్నాయి, సెన్సస్ పుస్తకాలు ఉన్నాయి, ఓపికున్న రిటైర్డ్ మాస్టార్లు, వీఆర్వోలు ఊరికి ఒకరైనా ఉన్నారు.

నేను ఎక్సెల్‌లో మొదలుపెట్టేసా. జీఓవీ పద్ధతే, ఊరు, దేని కింద, ఎప్పటినుంచి, ఎప్పటివరకు, ఏ ఆధారం, ఐదు కాలమ్స్. ముందు సాలూరు తాలూకా. అక్కడే ఒక చోట ఆగింది. 1969 నవంబర్‌లో సాలూరు తాలూకాలోంచి 63 ఊళ్ళు, బొబ్బిలి తాలూకాలోంచి 44 ఊళ్ళు తీసి కొత్తగా పెట్టిన గజపతినగరం తాలూకాలో కలిపారు, అంటే ఆ ఊళ్ళు 1950 ఆగస్టులో శ్రీకాకుళం జిల్లాకి వెళ్ళి 1969 నవంబర్‌లో మళ్ళీ విశాఖపట్నం జిల్లాకి వచ్చేసాయి, హూసుం-ఐడర్‌స్టెట్ లాగే వెళ్ళి వెనక్కి రావడం, కాకపోతే ఇక్కడ పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఎన్ని ఊళ్ళో లెక్క ఉంది గానీ ఆ 107 ఊళ్ళ పేర్ల పట్టిక నాకు దొరకలేదు. మెంటాడ, గజపతినగరం, దత్తిరాజేరు వైపు ఎవరింట్లో అయినా ఆ పంతొమ్మిదేళ్ళ నాటి రిజిస్ట్రేషన్ కాయితం గానీ, పట్టా గానీ, ఆఖరికి పోస్టు కవరు గానీ శ్రీకాకుళం జిల్లా అని రాసున్నది ఉంటే ఊరి పేరు, కాయితం మీద తేదీ, ఈ రెండే చెప్పండి చాలు, కాయితం ఇవ్వక్కర్లేదు, షీట్‌లో ఆ ఊరి లైను నింపేస్తా.